గలగలక్క డ్యూటీ దిగిన మధ్యాహ్నం

ముందు తాళాలు వినిపిస్తాయి. ఆ తర్వాతే మనిషి.

రెండో అంతస్తు నడవాలో కిటికీ వెలుతురు తడిబట్టలా నేలమీద పరుచుకుని ఉంటుంది. దాని అవతల ఎక్కడో గలగలమంటుంది. మందుల బీరువా తాళం, దుప్పట్ల గది తాళం, మెట్ల తలుపు తాళం, దేనివో ఎవరికీ గుర్తులేని తుప్పు తాళాలు ఇంకో రెండు, అన్నీ ఒకే ఇనుప వలయంలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వస్తాయి. ఆ చప్పుడుకు మంచాలమీది నెరిసిన తలలు ఒక్కొక్కటే తలుపువైపు తిరుగుతాయి. చివరి మంచంమీద రైలు తాత మాత్రం లేచి కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటాడు. ఆయన ఒకప్పుడు స్టేషన్ మాస్టరు. ఆయన లెక్కలో ఆ నడవా ప్లాట్‌ఫారం, ఆ గలగల బండి దగ్గర పడుతున్న గుర్తు.

"వచ్చిందా బండి?" అంటాడు.

"ఇంజనొక్కటే వచ్చింది తాతా. పెట్టెలు వెనకాల వస్తున్నాయి," అంటుంది లోపలికి వచ్చిన నర్సు.

ఆమె గలగలక్క. అసలు పేరు వేరే ఉంది. అది రిజిస్ట్రేషన్ కార్డుమీద, ఎవరూ వాడక, కొత్త గిన్నెలా మెరుస్తూ ఉంది. ఆమె భాష ఒక్క ముక్క రాని ఆ ముసలివాళ్ళు కూడా 'అక్క' అనే మాట నేర్చేసుకున్నారు. నొప్పి వస్తే అక్క, నీళ్ళు కావాలంటే అక్క, పీడకల వస్తే అక్క. తాతల వయసువాళ్ళందరికీ అక్క అయిపోయిన మనిషి ఇంటికి వెళ్ళేసరికి ఎవరికీ ఏమీ కాలేనంత అలిసిపోయి ఉండేది. బళ్ళో 'మా కుటుంబం' బొమ్మ వేయమంటే ఆమె కూతురు నాన్నను వేసింది, తనను వేసుకుంది, పక్కన ఒక ఫోను వేసింది. అమ్మేదమ్మా అని టీచరు అడిగితే, "ఫోన్లో ఉంది," అంది.

పెద్దవాళ్ళను చూసుకునే ప్రైవేటు హోమ్ అది. అందులో నర్సులంతా పరాయి దేశం నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళను ఏరి తెచ్చినవాడు బాబాయి. ఎవరికి బాబాయో అడక్కూడదు, అందరికీ బాబాయే. నర్సింగు చదివిన ఆడపిల్లల్ని ఒక హోటలు హాల్లో కూర్చోబెట్టి, కాఫీలు ఇప్పించి, గొంతు తడి చేసుకుని చెప్పాడాయన. "అక్కడ మీకు దొరికేది ఉద్యోగం కాదమ్మా, ఇల్లు. ఆవిడ మిమ్మల్ని కన్నకూతుళ్ళలా చూసుకుంటుంది."

ఆ ఒక్క విషయంలో బాబాయి అబద్ధం ఆడలేదు. ఇంటి ఆడపిల్లకు పనిలో వేళాపాళా ఉండదు కదా. ఇక్కడా లేదు.

ఆవిడ అంటే అమ్మగారు, హోమ్ యజమానురాలు. ఆవిడా ఒకప్పుడు అదే దేశం నుంచి నర్సుగా వచ్చిందే. ఇదే నేల తుడిచి, ఇదే నడవాలో కాళ్ళరిగేలా తిరిగి, చివరికి భవనాన్నే కొనేసింది. కష్టమంటే ఏమిటో తెలిసిన మనిషి కాబట్టి దాన్ని పదిమందికీ ఎలా పంచాలో బాగా తెలుసు. గదిలో గోడమీద ఆవిడ నర్సు రిజిస్ట్రేషన్ పటం కట్టి ఉంటుంది. ఏటేటా మరచిపోకుండా దాన్ని రెన్యువల్ చేయించుకుంటుంది. చూడటానికి వచ్చినవాళ్ళందరికీ దాన్ని చూపించి, "నేనూ నర్సునే," అంటుంది. ఆ మాట అనేటప్పుడు కంట్లో ఒక చుక్క నిలుస్తుంది. అది ఎప్పుడూ కిందికి జారదు, మళ్ళీ వాడుకోవాలి కదా.

"నన్ను మేడమ్ అనకండర్రా, పరాయిదాన్నయినట్టు ఉంటుంది. అమ్మా అనండి," అని మొదటిరోజే చెప్పేది. ఆ పిలుపులో ఎంత సదుపాయం ఉందో నర్సులకు పోనుపోను అర్థమైంది. అమ్మ దగ్గర సెలవు అడగటానికి నోరెలా వస్తుంది? అదనంగా చేసిన గంటలకు జీతం అడిగితే, "కన్నతల్లి దగ్గర కూడా లెక్కలేనా?" అని చీర చెంగు కంటికి అద్దుకుంటే ఏ కూతురు తట్టుకుంటుంది?

ఇక నర్సులకు ఒక పద్ధతుంది. డ్యూటీ దిగే నర్సు, ఎక్కే నర్సును వెంటబెట్టుకుని మంచం మంచానికీ తిరుగుతుంది. ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు, ఎవరి పుండు మానుతోంది, ఎవరికి ఏ మందు వేశారు, అన్నీ చెబుతుంది. వినే నర్సు ప్రతి మంచం దగ్గరా "విన్నాను," అనాలి. చివర తాళాలు చేతిలోకి తీసుకుని "తీసుకున్నాను," అనాలి. ఆ మాట పడ్డాకే వార్డు చేతులు మారినట్టు. అది పడేదాకా, ఆకాశం విరిగి మీద పడ్డా, పాత నర్సు కదలటానికి లేదు. మంచాన పడ్డ మనిషి ఒక్క నిమిషమైనా దిక్కులేకుండా ఉండకూడదని పెట్టుకున్న మంచి పద్ధతి అది. నర్సులు దాన్ని అప్పగింతలు అని పిలుచుకునేవాళ్ళు. "పెళ్ళిలో అప్పగింతలప్పుడు ఏడిస్తే వదిలేస్తారు, ఇక్కడ ఏడ్చినా వదలరే," అని పొడుగమ్మాయి నవ్వేది. గలగలక్క నుంచి వార్డు తీసుకోవలసింది ఈ పొడుగమ్మాయే.

అంత మంచి పద్ధతిలో ఎంత లాభం దాగుందో కనిపెట్టిన ఘనత అమ్మగారిది. తీసుకునే నర్సు రాకపోతే ఇచ్చే నర్సు ఎక్కడికి పోతుంది? ఇద్దరు చేయాల్సిన పని ఒక్కరే చేస్తారు. తాళం వేయకుండానే మనిషి బందీ అవుతుంది, అదీ తాళాలు తన జేబులోనే పెట్టుకుని.

నిరుడు చిన్నది అని పిలిచే నర్సు, నర్సులందరిలోకీ చిన్నపిల్ల, ఒళ్ళు కాలిపోయే జ్వరంతో రెండో డ్యూటీ కూడా చేసింది. మూడోదానికీ ఎవరూ రాలేదు. తాళాలు బల్లమీద పెట్టి, గోడలు పట్టుకుంటూ గదికి పోయి పడుకుంది. అమ్మగారు ఆ సాయంత్రమే నర్సుల కౌన్సిలుకు ఫిర్యాదు పంపించింది. రోగుల్ని గాలికొదిలి పారిపోయిందని. కూతురి తప్పు కడుపులో దాచుకోలేని నిజాయితీ గల తల్లి మరి. చిన్నదాని రిజిస్ట్రేషన్ ఆగిపోయింది, అది లేకపోతే నర్సు పని ఎక్కడా చేయనివ్వరు. అప్పటినుంచి అది వీధి చివర లాండ్రీలో ఆవిరి మధ్య నిలబడి దుప్పట్లు మడతపెట్టేది. ఆ దుప్పట్లు ఈ హోమ్‌వే. గలగలక్క ఆ దారిన పోయినప్పుడల్లా అద్దంలోంచి ఆ పిల్ల కనిపించేది, ఒక మంచు బొమ్మ లోపల్లోపలే కరిగిపోతున్నట్టు. భయం ఎలా ఉంటుందో చూడాలంటే గలగలక్క దూరం పోనక్కర్లేదు. ఆ అద్దం దగ్గర ఆగితే చాలు.

చివరికి నర్సులంతా కలిసి, దింపే నర్సును పంపకుండా డ్యూటీమీద డ్యూటీ చేయిస్తున్నారనీ, చిన్నది పారిపోలేదనీ కార్మిక శాఖకు ఫిర్యాదు పెట్టుకున్నారు. విచారణలో మాట్లాడేది ఎవరు అన్న దగ్గర అందరూ గలగలక్క వైపు తిరిగారు.

"నువ్వే మాట్లాడక్కా. నీ గొంతు బావుంటుంది," అంది పొడుగమ్మాయి.

"వెనక మేమున్నాంగా," అన్నారు మిగతావాళ్ళు.

నిజమే, వాళ్ళు వెనకే ఉన్నారు. చాలా వెనక.

విచారణ రోజు మధ్యాహ్నం ఫిర్యాదు చేసిన మనిషి స్వయంగా వచ్చి మాట్లాడాలి, రాకపోతే ఫిర్యాదు మూసేస్తారు. గలగలక్క ముందురోజే డ్యూటీ ఎక్కింది. తెల్లారితే దిగిపోవాలి. తెల్లారింది. పొడుగమ్మాయి రాలేదు. పొద్దున్నే అమ్మగారు తనను వ్యాను ఎక్కించి ఊరి అవతలున్న రెండో హోమ్‌కు పంపిందని ఫోన్లో తెలిసింది. "ఏం చెయ్యనక్కా, అర్జంటన్నారు. ఇక్కడ చూస్తే నేను చేయాల్సిన పనే లేదు," అంటూ ఆ పిల్ల ఏడ్చింది.

గలగలక్క రెండువైపులా లెక్క వేసుకుంది. ఉండిపోతే ఫిర్యాదు పోతుంది, చిన్నది జీవితాంతం దుప్పట్లు మడతపెడుతుంది. పోతే తన రిజిస్ట్రేషన్ పోతుంది, లాండ్రీ అద్దంలో ఇంకో బొమ్మ చేరుతుంది.

కాస్త పొద్దెక్కాక బాబాయి నడవాలోకి తొంగిచూశాడు. విచారణలో యజమాని తరఫున కాగితాలు మోసే పని ఆయనదే. కొత్త చొక్కా వేసుకున్నాడు.

"ఏమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నావా? ఇవాళ ఏదో వాయిదా అన్నారే?"

"రిలీఫ్ నర్సు రాలేదు బాబాయ్."

"అయ్యయ్యో," అన్నాడు బాబాయి, నిజంగానే బాధపడినంత అందంగా. "అయినా నిన్నెవరు ఆపారు తల్లీ? తాళాలు బల్లమీద పెట్టి పో. చిన్నది పోలా?"

గలగలక్క చేతిలో ఉన్న ఇంజక్షన్ సూదివైపు, బాబాయి కొత్త చొక్కావైపు మార్చి మార్చి చూసింది. బాబాయి కొంచెం తొందరగానే వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి ఫోను మోగింది. మొగుడు. ఇంటింటికీ సామాన్లు చేరవేసే వ్యాను నడుపుతాడాయన. అమ్మగారు నర్సులకు అమ్మ అయినప్పటి నుంచి ఆయన ఆవిడను అత్తగారు అంటున్నాడు.

"మా అత్తగారు కూతుర్ని పంపిస్తుందా, లేదా?"

"లేదు. నువ్వెక్కడ?"

"కిందే, గేటు దగ్గర. కిటికీలోంచి దూకు, పట్టుకుంటా."

"నువ్వా? చేతికిచ్చిన పాలపాకెట్టే పట్టుకోలేవు."

"పాలపాకెట్టుకి తాళాలుండవుగా, నువ్వయితే ఎటునుంచి పడుతున్నావో వినిపిస్తుంది," అన్నాడు. ఆమె నవ్వింది. ఆయన వ్యాను ఇంజను ఆపకుండా అలాగే ఉంచాడు. ఫోన్లోంచి ఆ చప్పుడు దూరపు వానలా వినిపించింది.

సరిగ్గా అప్పుడే నడవాలోకి సెంటు వాసన వచ్చింది. గలగలక్కకు ముందు తాళాలు వచ్చినట్టు అమ్మగారికి ముందు సెంటు వస్తుంది. విచారణకు కట్టుకున్న పట్టుచీర, మెడలో ముత్యాలు, పక్కన కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన. తల్లిని ఇక్కడ చేర్పిద్దామని చూడటానికి వచ్చాడట. విచారణకు పోయే దారిలో ఒక గిరాకీని కూడా ముగించుకుపోదామని అమ్మగారి ఆలోచన.

"మా పిల్లలండీ వీళ్ళంతా," అంటూ గలగలక్క భుజంమీద చెయ్యి వేసింది. "నేనూ నర్సునే కదా. ఒక్క రోగిని కూడా ఒక్క క్షణం వదలం."

"మందులు ఎవరి దగ్గరుంటాయి?" అన్నాడు కోటాయన. "మా అమ్మకు వేసే మందులు కాస్త ప్రమాదమైనవి."

"అర్హత ఉన్న నర్సు చేతిలో తప్ప తాళం ఉండదండీ. ఉండండి, బీరువా నేనే తీసి చూపిస్తా." అమ్మగారు అటు తిరక్కుండానే అరచెయ్యి వెనక్కి చాచింది.

గలగలక్క తాళాలు అందులో పెట్టింది.

ఆ తర్వాత జరిగింది ఎత్తా, పొరపాటా అంటే ఆమె ఇప్పటికీ తేల్చి చెప్పలేదు. ఎన్నేళ్ళ అలవాటో. జేబులోంచి ఆ బరువు ఇంకో నర్సు చేతిలోకి పోగానే నోరు తనంతట తనే మొదలుపెట్టింది.

"మొదటి మంచం. పొద్దున రెండు ముద్దలు తిన్నారు, మధ్యాహ్నం మొహం తిప్పేశారు. ఎడమ మడమ పుండు ఎండుతోంది. అటు ఒత్తిగిలనివ్వకూడదు."

అమ్మగారు ఆగిపోయింది. కోటాయన కూడా ఆగి, చెవి అటు పెట్టాడు. ఆయన ముఖంలో మెచ్చుకోలు చూసి అమ్మగారి ముఖం విప్పారింది. ఇంత పద్ధతిగా ఉంటుందని చూపించుకునే అవకాశం మళ్ళీ వస్తుందా!

"విన్నాను," అంది గంభీరంగా.

రెండో మంచం, మూడో మంచం. గలగలక్క నడుస్తోంది, అమ్మగారు వెంట నడుస్తోంది, వాళ్ళ వెనక కోటాయన చేతులు కట్టుకుని గుడిలో తిరిగినట్టు తిరుగుతున్నాడు. ఎక్కడో మధ్యలో గలగలక్కకు తను ఏం చేస్తోందో తెలిసివచ్చింది. గొంతు మాత్రం మారలేదు. ఒక్క పుండు, ఒక్క దగ్గు, ఒక్క మాత్ర కూడా వదలకుండా చెప్పింది. అమ్మగారు కూడా మారిపోయింది. పట్టుచీరలోంచి పాత నర్సు ఎవరో బయటికి వచ్చినట్టు, ఆరో మంచం దగ్గర ఆగి, "మూత్రం ఎంతైంది?" అని అడిగింది. అది మంచి ప్రశ్న. గలగలక్క జవాబు చెప్పింది.

చివరి మంచం దగ్గర రైలు తాత గుండీలన్నీ పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"బండి బయలుదేరుతోందా?"

"మీరు జెండా ఊపితే బయలుదేరుతుంది తాతా," అంది గలగలక్క. తాత లేని జెండాను గాల్లో ఊపాడు. ఆమె అమ్మగారి వైపు తిరిగింది. "వార్డు మీకు అప్పగించానమ్మా."

"తీసుకున్నాను," అంది అమ్మగారు.

ముప్పై ఏళ్ళ కిందటి నోరు అనేసిన మాట అది. యజమానురాలి నోటికి దాన్ని ఆపే వ్యవధి లేకపోయింది. గలగలక్క జేబులోంచి కత్తెర, పెన్ను తీసి బల్లమీద పెడుతుంటే గాని ఆవిడకు అర్థం కాలేదు.

"ఎక్కడికే?" పళ్ళ మధ్యనుంచి వచ్చింది ఆ మాట.

"డ్యూటీ దిగానమ్మా."

"పాపం వెళ్ళనివ్వండి, ఎంత శ్రద్ధగా చెప్పింది!" అన్నాడు కోటాయన. "మా అమ్మను మీ చేతుల్లోనే పెడతానండీ."

అమ్మగారు నవ్వింది. అంతకంటే కష్టమైన పని ఆవిడ జీవితంలో చేసి ఉండదు. కోటాయన బీరువా వైపు తిరగ్గానే గలగలక్క చెవి దగ్గరికి వంగి, "తాళాలు తీసుకో. నీ సంగతి తేలుస్తా," అంది.

"బల్లమీద పెట్టిపోలేదమ్మా," అంది గలగలక్క అంతే నెమ్మదిగా. "మీ చేతిలోనే పెట్టాను."

విచారణ గదిలో అధికారి గడియారం చూస్తున్నాడు. పక్కన దుబాసీ గోళ్ళు చూసుకుంటున్నాడు. పరాయి భాషవాళ్ళ మాటలు అధికారికి అప్పజెప్పే ఉద్యోగం అతనిది. ఫిర్యాదుదారు రాలేదు కాబట్టి మూసేయమని బాబాయి చేతులు నలుపుకుంటూ విన్నవించుకుంటుండగా తలుపు తెరుచుకుంది. గలగలక్క రావడం ఎవరికీ వినిపించలేదు. ఆమె వెంట ఏ చప్పుడూ లేకపోవడం అదే మొదటిసారి. బాబాయి మొహం ఇస్త్రీ చెదిరిన చొక్కాలా అయింది.

యజమాని ఏరని అధికారి అడిగాడు. "వస్తున్నారండీ, దారిలో ఉన్నారు," అంటూ బాబాయి ఫోను చేశాడు. కంగారులో వేలు ఎక్కడ తగిలిందో, గదంతా వినిపించింది అమ్మగారి గొంతు.

"ఏమయ్యా! ఆ పొడుగుదాన్ని వెంటనే వ్యానెక్కించు! ఒక్కదాన్ని ఇంతమందిని ఎలా చూసుకోను? మంచినీళ్ళు తాగే తీరిక లేదు, బాత్రూంకి పోయే దిక్కు లేదు. వదిలేసి వద్దామంటే నా రిజిస్ట్రేషన్ పోతుంది! నర్సంటే మనిషనుకున్నారా, గొడ్డనుకున్నారా?"

బాబాయి ఫోనును రెండు చేతులతో నొక్కి పట్టాడు, పక్షి ఎగిరిపోతుందన్నట్టు. అది ఎప్పుడో ఎగిరిపోయింది.

"ఇది కూడా చెప్పమంటారా?" అన్నాడు దుబాసీ మర్యాదగా.

జీతం అందుకే ఇస్తున్నామని గుర్తు చేశాడు అధికారి. దుబాసీ గొంతు సవరించుకుని మొదటి నుంచి చివరిదాకా, గొడ్డును కూడా వదలకుండా, చెప్పాడు. అధికారి రాసుకున్నాడు. తర్వాత, మీరేమైనా చెప్పాలా అని గలగలక్కను అడిగాడు.

ఆమె ఎన్నో రోజులుగా అద్దం ముందు నిలబడి కంఠతా పట్టిన మాటలు గొంతులో బారులు తీరి ఉన్నాయి. వాటన్నిటినీ మింగేసింది.

"ఏం లేదండీ. నా తరఫున మా అమ్మ చెప్పేసింది."

కూతురి తరఫున ఆ అమ్మ మాట్లాడటం అదే మొదలు, అదే ఆఖరు.

డ్యూటీ అయ్యాక మనిషిని నిలబెట్టకూడదనీ, రిలీఫ్ పంపడం యజమాని బాధ్యతేననీ, పంపకుండా రోగుల్ని వదిలేశారని ఫిర్యాదు చేస్తే చెల్లదనీ ఉత్తర్వు వచ్చింది. అది పట్టుకుని చిన్నదాని విషయం కౌన్సిలులో మళ్ళీ తెరిపించారు. కొన్ని నెలలు పట్టింది. అన్ని నెలలూ వెనకున్న నర్సులు ఒక్కొక్కరే ముందుకు వచ్చారు, ముందు ఖాళీగా, క్షేమంగా కనిపించాక.

అమ్మగారు అందరినీ పిలిచి, కంట్లో నిలిచే ఆ చుక్కను మొదటిసారి కిందికి జారనిచ్చింది. "ఇకనుంచి మేడమ్ అనండి చాలు," అంది. నర్సులు ఇంత త్వరగా ఏ ఆజ్ఞా పాటించలేదు.

అయితే ఒక మాట గలగలక్క పదేపదే చెబుతుంది. ఆ సాయంత్రం పొడుగమ్మాయి వచ్చేదాకా ఆవిడ వార్డును బాగా చూసిందట. మడమ పుండుకు కట్టు మార్చింది. రైలు తాత తల దువ్వింది. పట్టుచీర కుచ్చిళ్ళు నడుంలో దోపుకుని దుప్పట్లు కూడా మార్చింది. "నర్సే కదా, ఎక్కడికి పోతుంది," అంటుంది గలగలక్క. మెచ్చుకుంటోందో, జాలిపడుతోందో ఆ గొంతులో తెలియదు.

ఇదంతా ఆమె చెప్పింది ఆ హోమ్ కింది అంతస్తులో, చెప్పులు మార్చుకునే బెంచీమీద కూర్చుని, డ్యూటీ దిగిన ఒక మధ్యాహ్నం. గేటు బయట వ్యాను హారన్ కొట్టింది. లోపల కూతురు కూడా ఉన్నట్టుంది, రెండో హారన్ మరీ అల్లరిగా మోగింది. రైలు తాత ఇప్పుడెలా ఉన్నాడు అన్న ప్రశ్నకు ఆమె తల పైకెత్తింది. పైన నడవాలో తాళాలు గలగలమంటున్నాయి, ఇంకా అలవాటు పడని చేతుల్లో కొంచెం తొందర తొందరగా.

"నన్నడక్కండి, నేను దిగిపోయాను," అంది లేస్తూ. "పైన చిన్నదుంది. తాళాలు అదే తీసుకుంది. ఏం కావాలన్నా దాన్నే అడగండి."